పదకొండు దగ్గర ఆగిన బ్యాటరీ

ఫోన్ మోగకపోతే మంచి వార్త. అదీ ఒప్పందం.

ఉదయం చెల్లెల్ని ప్రసవాల గదిలోకి తీసుకెళ్లాక మరిది టైలరమ్మను వరండా చివరికి పిలిచి చెప్పాడు. "ముందుజాగ్రత్తగా ఉండమంది డాక్టరమ్మ. మీ చెల్లెలిదీ మీదీ ఒకటే గ్రూపు, తొందరగా దొరికేది కాదట. రక్తం కావాల్సొస్తే ఫోన్ చేస్తాను వదినా, ఉన్నపళంగా వచ్చెయ్యండి. ఫోన్ రాలేదంటే లోపల అంతా సవ్యంగా ఉన్నట్టే. మీరు మాత్రం నాకు చెయ్యకండి. ఇద్దరి బ్యాటరీలూ దండగ."

ఇక్కడే కూర్చుంటానని టైలరమ్మ మొండికేసింది. ఒక మనిషికి ఒక్క తోడే అన్నాడు వాచ్‌మన్. ఆ మాట ఆమె లెక్కచేసేది కాదు. కానీ గుమ్మంలోంచి తొంగిచూస్తే మంచం మీంచి చెల్లెలే అంది. "నువ్వు వెళ్లక్కా. నీ మొహం చూస్తుంటే నాకు లేని భయం పుడుతోంది."

దాంతో వంతెన దాటి తన కొట్టుకు వచ్చేసింది. ఆమె వచ్చిన కాసేపటికి గాలి లేచింది. వీధి మొదట్లో కరెంటు స్తంభం అడ్డంగా ఒరిగింది, తీగలు తెగాయి. కాలితో తొక్కే మిషను కాబట్టి కుట్టు ఆగక్కర్లేదు. చెయ్యి ఆగింది. ఒకే కాలరు రెండుసార్లు కుట్టి రెండుసార్లూ విప్పింది. పైగా కొట్లో సిగ్నల్ అందదు. గాలివానల రోజుల్లో ఆ వీధి మొత్తానికి కాస్తో కూస్తో సిగ్నల్ దొరికేది పక్కనున్న టీకొట్టు బల్ల చివర ఒక్కచోటే. మధ్యాహ్నం నుంచి ఆమె ఆ చివరే కూర్చుంది. ఫోన్ ఒళ్లో. బ్యాటరీ పద్నాలుగు.

టీకొట్టు పిన్ని గ్యాసు స్టవ్వుకు గాలి తగలకుండా రేకు అడ్డం పెట్టింది. అద్దం ముందు వెలుతురు లేక కత్తెర పక్కన పెట్టిన మంగలి, స్తంభం అవతలికి బండి పోక చిక్కుకుపోయిన ఆటో అతను ఎదురు బల్ల మీద ఉన్నారు. ముగ్గురి ఫోన్లూ ఎప్పుడో చచ్చాయి. పిన్ని ఛార్జింగు డబ్బా కూడా మధ్యాహ్నానికే ఖాళీ అయింది. వీధిలో ప్రాణంతో ఉన్న ఫోన్ టైలరమ్మది ఒక్కటే.

అప్పుడు వచ్చాడు టవర్ బాబాయ్.

ఒకప్పుడు సెల్ టవర్ల కంపెనీలో చేశాడు. ఏం చేశాడన్న దాని మీద రెండు అభిప్రాయాలున్నాయి. ఇంజనీర్లకే పాఠం చెప్పేవాణ్ని అని ఆయన అభిప్రాయం. జనరేటర్లో డీజిలు పోసేవాడని మంగలి అభిప్రాయం. స్కూటర్ని చూరు కింద ఆనించి, తువ్వాలుతో బల్ల తుడుచుకుని కూర్చోగానే ఆయన కళ్లు టైలరమ్మ ఒళ్లోని ఫోన్ మీదికి పోయాయి.

"ఎంతుందమ్మా?"

"పదమూడు."

"ఇందాక?"

"పద్నాలుగు. నేనేం చెయ్యలేదు బాబాయ్. ముట్టుకోను కూడా లేదు. ఊరికే తగ్గుతోంది."

"నువ్వు చెయ్యకపోతే అది చెయ్యదా? ఇటివ్వు."

ఆమె ఇవ్వలేదు. "కాల్ రావాలి బాబాయ్. ఏం చేసినా సరే, కాల్ మాత్రం రావాలి."

"టవరెక్కి దిగినవాడికా చెప్తున్నావ్?" అని ఫోన్ అందుకున్నాడు. "చూడండి, ఫోన్ అంటే మనిషే. టవర్ దగ్గరుంటే గుసగుసలాడినా చాలు. దూరమైందనుకో, తప్పిపోయిన దూడ కోసం అరిచినట్టు అరుస్తుంది. అరిచీ అరిచీ నీరసం వస్తుంది. ఇందాకటి నుంచీ ఈ అమ్మాయి ఒళ్లో అదే జరుగుతోంది. ఇక ఈ కొత్త నెట్‌వర్కుంది చూశారూ, అది కొత్తల్లుడు. పని చకచకా చేస్తాడు, తిండీ అంతే తింటాడు. పాత నెట్‌వర్కు తాతయ్య. మూల కూర్చుని గ్లాసుడు మజ్జిగతో రోజంతా గడిపేస్తాడు. మాట్లాడుకోడానికి తాతయ్య చాలడూ? వైఫై పెరట్లో బావి. దగ్గరుంటే సుఖం. కరెంటు లేనప్పుడు బావి ఎక్కడిది? లేని బావిలోకి చేద వేస్తూ కూర్చుంటుంది ఇది. కట్టేద్దాం. బ్లూటూతు గోడ మీంచి కబుర్లు. పెద్ద ఖర్చు కాదు గానీ ఇప్పుడెందుకు? అదీ కట్టేద్దాం."

"మరి హాట్‌స్పాటో?" అన్నాడు ఆటో అతను.

"ఒక్క కుండతో వీధంతటికీ వడ్డన. ఇల్లు గుల్ల."

ఇంతవరకూ ఆయన చెప్పినదాంట్లో పెద్ద తప్పేమీ లేదు. చేసినదాంట్లోనూ లేదు. నెట్టు ఆపాడు, వైఫై ఆపాడు, తెరమీద వెలుగు తగ్గించాడు, ఫోన్‌ని పాత నెట్‌వర్కుకు మార్చి ఆమె చేతికిచ్చాడు. అంత చేసినా అంకె పన్నెండుకు దిగింది, ఇంకాసేపటికి పదకొండైంది. కానీ మునుపటి అంత పరుగు లేదు. అది టైలరమ్మ కూడా గమనించింది. అక్కడితో ఆయన నోరు కట్టుకుని టీ తాగి ఉంటే ఈ కథ లేదు.

"ఇది కూడా ఒక బ్యాటరీయేనా? నాలుగు శాతంతో సాయంత్రం దాకా నెట్టుకొచ్చానొకసారి," అన్నాడు.

"మొదలైంది," అన్నాడు మంగలి.

"కొండ మీద టవర్. కింద ఊరు కనపడదు, పైన ఆకాశం కనపడదు, అంత మంచు. నాతో వచ్చినవాళ్లు కిందికి దిగారు, నేనొక్కణ్నే. ఫోన్లో నాలుగు. ఇంకొకడైతే ఏడ్చేవాడు. నేనేం చేశాను? ఇలా పైనుంచి కిందికి గీశాను, విమానం బొమ్మ ఉంటుంది చూశారూ, దాన్ని ఇలా నొక్కాను," అంటూ టైలరమ్మ చేతిలోంచి ఫోన్ లాక్కున్నట్టే తీసుకుని, తెర మీద వేలితో గీసి, నొక్కి, అందరికీ ఒకసారి తిప్పి చూపించి, మళ్లీ ఆమె చేతిలో పెట్టేశాడు. కథ మాత్రం ఆగలేదు. "అంతే! అరుపుల్లేవు, వెతుకులాటల్లేవు. ఉపవాసం ఉన్న మనిషిలా చల్లబడిపోయింది ఫోను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"సాయంత్రమైంది," అన్నాడు మంగలి.

"దారి తెగిపోయింది! నా కోసం ఎవరూ పైకి రాలేరు. ఒక రోజు, రెండు రోజులు, వారం. నాలుగు నాలుగే."

"ఇందాక సాయంత్రం దాకా అన్నావ్?"

"ఏ సాయంత్రమో చెప్పానా?"

ఆటో అతను పకపకా నవ్వాడు. టైలరమ్మ నవ్వలేదు. వంతెన వైపు నుంచి అంబులెన్సు కూత వినబడుతోంది. అది దగ్గరికొస్తోందో దూరమవుతోందో గాలికి తెలియడం లేదు. లేచి నిలబడింది. ఫోన్ చూసింది. పదకొండు. మోగలేదు. అయితే చెల్లెలి కోసం కాదు, ఇంకెవరి కోసమో. ఆ ఇంకెవరికో ఏమీ కాకూడదని మనసులో అనుకుని కూర్చుంది.

"మీరు నమ్మినా నమ్మకపోయినా సరే," అన్నాడు టవర్ బాబాయ్, నమ్మి తీరాలన్న గొంతుతో, "ఎనిమిదో రోజు లేచి చూస్తే నాలుగు ఐదైంది."

"పెరిగిందా?"

"పెరగదూ? టవర్ రాత్రింబవళ్లు తరంగాలు గాల్లోకి పారబోస్తూనే ఉంటుంది కదా. ఒలికిన పాలు పిల్లి తాగినట్టు నా ఫోన్ వాటిని తాగేసింది. ఐదు పదైంది, పది యాభై అయింది, యాభై నూరైంది. నూరు దగ్గర ఆగిందా? ఆగలేదు! నూట ఇరవై!"

"శాతం నూరు ఎలా దాటుతుంది బాబాయ్?"

"మీ ఫోన్లకు దాటదు."

పిన్ని గ్లాసులు కడుగుతూ, "టీ పోయనా అమ్మాయ్? పొద్దున్నుంచీ ఏం ముట్టలేదు నువ్వు," అంది. వద్దనబోయి టైలరమ్మ మళ్లీ ఫోన్ చూసింది. పదకొండే. ఇందాకటి నుంచీ పదకొండే. మంగలి కూడా వంగి చూశాడు.

"నిజమేనండోయ్, కదలడం లేదు. బాబాయ్, ఎన్ని కోతలు కోసినా దీనికి మాత్రం ఏదో మంత్రం వేశావ్."

"మరి?" అన్నాడు టవర్ బాబాయ్. ఆయనకే కాస్త ఆశ్చర్యంగా ఉన్నట్టుంది గానీ బయటపడలేదు.

టైలరమ్మకు పొద్దున్నుంచీ గుండెల మీద పెట్టుకున్న ఇస్త్రీపెట్టెను ఎవరో కొంచెం పక్కకు జరిపినట్టయింది. చాలాసేపైంది. రావాల్సిన ఫోనైతే ఈపాటికి వచ్చేసేది. రాలేదంటే గట్టెక్కినట్టే. అంకె ఆగింది, ఫోన్ మోగలేదు, రెండూ శుభమే. టీ పుచ్చుకుంది. పిచ్చిది, అటు బాబో పాపో పుట్టేసే ఉంటారు, మరిది కంగారులో చెప్పడం మరిచిపోయి ఉంటాడు అనుకుంది. వెంటనే నాలుక్కరుచుకుంది. ముందే అనుకోకూడదు. అంకె వైపే చూస్తూ, పైన ఆ మూల సిగ్నల్ గీతలుండే చోట ఏముందో ఆమె చూడలేదు.

కథ కొండ దిగడం లేదు. "ఈలోగా జనరేటర్ ఆగింది. డీజిల్ లేదు."

"పోసేవాడు కథ చెప్తున్నాడు," అన్నాడు మంగలి.

"డీజిల్ లేకపోతే టవర్ ఆగుతుంది. టవర్ ఆగితే కింద నాలుగు ఊళ్లు మూగబోతాయి. అప్పుడు చూశాను నా ఫోన్ వంక. దాని దగ్గర నూట ఇరవై ఉంది. ఒక తీగ ఇటు, ఒక తీగ అటు. నా ఫోన్‌తో టవర్‌ని నడిపాను! చీమ ఏనుగుకు అన్నం పెట్టడం ఎక్కడైనా విన్నారా? నేను కళ్లారా చూశాను. ఎర్రదీపం భగ్గున వెలిగింది. నాలుగు ఊళ్లలో ఎంతమంది ఎన్ని కబుర్లు చెప్పుకున్నారో, పెళ్లిచూపులు మాట్లాడుకున్నారో, తగువులు తెంపుకున్నారో, అంతా నా జేబులోంచే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పకపోతే వదుల్తావా?"

"కింద రైలు వంతెన కొట్టుకుపోయింది. అటునుంచి రైలు వస్తోంది. నిండా జనం. డ్రైవరుకు తెలియదు. స్టేషన్ మాస్టరు ఎర్రజెండా పట్టుకుని పరిగెత్తినా అందడు. ఆ చుట్టుపక్కల రైలు కనబడేంత ఎత్తులో ఉన్న మనిషిని నేనొక్కణ్నే. ఉపవాసంలో ఉన్న నా ఫోను, మంచులో చల్లగా, జేబులో నిద్రపోతున్న నా ఫోను..." ఆయన గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టాడు. "సరిగ్గా అప్పుడే గణగణమని మోగింది!"

పిన్ని చెయ్యి నీళ్లలో ఆగింది. ఆటో అతను ముందుకు జరిగాడు.

టైలరమ్మ ఇంతసేపూ కథ సగమే వింది. కానీ బట్టలో కుట్టు జారిన చోటు ఎంత వద్దనుకున్నా ఆమె కంట్లో పడుతుంది, చెవిలో కూడా అలాగే పడింది.

"ఎలా మోగింది?" అంది.

"ఏంటమ్మా?"

"విమానం బొమ్మ నొక్కేశారుగా. అరుపుల్లేవు, వెతుకులాటల్లేవు అన్నారుగా. టవర్‌తో మాటే లేని ఫోన్ ఎలా మోగింది బాబాయ్?"

మంగలి తొడ చరిచాడు. "పట్టేసింది! చెప్పు బాబాయ్, చెప్పు. ఎలా మోగింది?"

టవర్ బాబాయ్ నోరు తెరిచాడు. ఎప్పుడూ ఆయన దగ్గర ఒక జవాబు ఉంటుంది. ఈసారి కూడా నాలుక చివరికి ఏదో వచ్చే ఉంటుంది. కానీ టైలరమ్మ ఆయన్ని చూడడం లేదు. ఒళ్లో ఫోన్‌ని చూస్తోంది. పదకొండును కాదు, దాని పక్కన. గీతలుండాల్సిన చోట చిన్న విమానం బొమ్మ.

"బాబాయ్," అంది. ఆ గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఇందాక నా ఫోన్‌లో కూడా నొక్కారా?"

"చూపించడానికి... ఇలా అని..." ఆయన వేలు గాల్లో ఆగిపోయింది. "మళ్లీ తీశాననుకున్నానమ్మా."

ఆమె రెండుసార్లు గీసినా వేలు తెర మీద సరిగ్గా పడలేదు. మంగలి లాక్కుని నొక్కాడు. విమానం పోయింది. ఫోన్ సిగ్నల్ వెతకడం మొదలెట్టింది. ఇంతసేపు రాయిలా కూర్చున్న అంకె పదైంది. ఒక గీత వచ్చింది, పోయింది. తొమ్మిది. టైలరమ్మ బల్ల ఎక్కి చూరు అంచుకు ఫోన్ ఎత్తి పట్టుకుంది. గీత నిలబడింది. వెంటనే టింగుమని ఒకటి, దాని వెనకే ఇంకొకటి, ఆపైన వరసగా. మీరు అందుబాటులో లేనప్పుడు కాల్ చేసినవారు. అన్నీ మరిదివే.

ఆమె నొక్కేలోపే అది మోగింది.

"వదినా! ఎక్కడికి పోయారు మీరు? పాప పుట్టింది, రక్తం ఆగట్లేదు. ఇక్కడున్న ఒక్క సీసా ఎక్కించేశారు. ఇంకా కావాలంటున్నారు. రండి, తొందరగా..."

"వస్తున్నా," అంటూనే దిగింది. అవతల ఇంకేదో అంటున్నాడు. వినడానికి ఆగలేదు.

ఆటో అతను తాళం తీశాడు గానీ ఎక్కడికి పోతాడు? స్తంభం రోడ్డుకు అడ్డంగా ఉంది. ఈలోపు చూరు కింద స్కూటర్ కిక్కు తంతున్న చప్పుడు వినబడింది. టవర్ బాబాయ్ తంతున్నాడు. నూట ఇరవై శాతం మనిషి, తన్నీ తన్నీ చెమటలు పడుతుంటే, స్కూటర్ ఉలుకూ పలుకూ లేదు. మంగలి వెళ్లి వెనకనుంచి తోశాడు. ఆటో అతను ఒక చెయ్యేశాడు. అది దగ్గి, పొగ కక్కి, అంటుకుంది.

స్తంభానికీ గోడకూ మధ్య స్కూటర్ పట్టేంత సందు ఉంది. టైలరమ్మ వెనక కూర్చుంది, అందులోంచి దూరి ఇద్దరూ వంతెన ఎక్కారు. వంతెన మీద గాలి బండిని పక్కకు నెడుతుంటే ఆయన రెండు చేతులా హ్యాండిల్ని పట్టుకుని, మెడ లోపలికి లాక్కుని నడిపాడు. ఆ దారంతా టవర్ బాబాయ్ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ ఊళ్లో ఎవరికి చెప్పినా అదొక్కటే నమ్మరు.

ఈసారి వాచ్‌మన్ తోడు సంగతి అడగలేదు. నర్సు ఆమెను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. పరీక్షలకు కాసిని చుక్కలు తీశారు, ఆ తర్వాత ప్రసవాల గది పక్కగదిలో బల్ల మీద పడుకోబెట్టి సూది గుచ్చారు. రెండు గదుల మధ్య గోడ పైకప్పు దాకా లేదు. అటునుంచి ఇనుప గిన్నెల చప్పుడు, డాక్టరమ్మ పొడి పొడి మాటలు వచ్చాయి. చెల్లెలి గొంతు రాలేదు. సంచీ నిండాక నర్సు దాన్ని పట్టుకుపోయింది. కాసేపు లేవొద్దంది.

మరిది ఎక్కడో మందుల కోసం పరిగెత్తుతున్నాడు. టవర్ బాబాయ్ గుమ్మం దగ్గర తువ్వాలు చేత్తో నలుపుతూ నిలబడ్డాడు. లోపలికి రాలేదు, వెళ్లిపోలేదు.

గోడ అవతల చప్పుళ్లు తగ్గాయి. ఆ తర్వాత ఆగాయి.

మధ్యాహ్నమంతా టైలరమ్మ నిశ్శబ్దాన్ని నమ్ముకుని కూర్చుంది. అది ఎంత అబద్ధం ఆడగలదో ఇప్పుడు తెలుసు. ఇప్పుడు గోడ వైపు చూస్తుంటే చెవుల్లో తన గుండె తప్ప ఇంకేం వినబడడం లేదు.

"బాబాయ్," అంది. "ఏదో ఒకటి మాట్లాడండి."

"ఏం మాట్లాడనమ్మా? ఏ మొహం పెట్టుకుని..."

"అవన్నీ తర్వాత. ఏదైనా సరే. ఊరుకోకండి. నేను ఉండలేకపోతున్నాను."

ఆయన గొంతు సవరించుకున్నాడు. మనిషికి కంగారులో తెలిసిన దారే కాళ్లకు దొరుకుతుంది. "కొండ మీద టవర్... కింద ఊరు కనపడదు, పైన ఆకాశం కనపడదు," అని మొదలెట్టాడు. విమానం బొమ్మ దగ్గర మాట తడబడింది. ఆమె వంక చూశాడు. కానివ్వమన్నట్టు ఆమె తల ఊపింది. నాలుగు ఐదైంది, ఐదు నూరైంది. నూట ఇరవై దగ్గరికొచ్చేసరికి పాత గొంతు సగం వచ్చేసింది. చీమ ఏనుగుకు అన్నం పెట్టేసరికి మొత్తం వచ్చేసింది. వరండాలో ఎవరో ఆగి వింటున్నారు. రైలు వస్తోంది, వంతెన లేదు, జేబులో ఫోను గణగణమని మోగింది.

తలుపు విసురుగా తెరుచుకుంది. నర్సు.

"ఎవరండీ ఆ రైలాయన? అక్కడ రక్తం ఇప్పుడిప్పుడే కట్టింది, రెండో సీసా ఎక్కుతోంది, డాక్టరుగారు కుట్లేస్తున్నారు. ఆవిడ చూస్తే నవ్వుతోంది! కదలొద్దమ్మా అంటే ఆపుకోలేకపోతున్నానంటోంది. కాసేపు నోరు మూసుకుంటారా లేదా?"

టవర్ బాబాయ్ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

టైలరమ్మ మోచేతి మీద లేవబోయి, లేవలేక, గోడ వైపు తిరిగి పడుకుంది. అటునుంచి ఒక పసి ఏడుపు వినబడింది. దాని మీంచి, సగం నీరసంగా, సగం ఎప్పటి పెంకితనంతో, చెల్లెలి గొంతు గోడ దాటి వచ్చింది.

"అక్కా, విమానం బొమ్మ నొక్కాక ఫోన్ ఎలా మోగిందో అడగవే ఆయన్ని!"